ఎదుటి కొట్టు లైటు

పెద్ద వరద వచ్చిన మరుసటి ఏడు జరిగింది ఇది.

వరదలో అన్నదమ్ముల ఫోటో స్టూడియోలోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. తమ్ముడు రెండు ఫ్లాష్ లైట్లూ చెరో భుజాన వేసుకుని మేడెక్కాడు. పోయిన నాన్న వాడిన కెమెరా కిందే ఉండిపోయింది.

"నాన్నని నీళ్ళలో వదిలేసి లైట్లు మోసుకొచ్చావురా," అన్నాడు అన్న.

"కెమెరా ఎప్పుడో చచ్చింది అన్నయ్యా. లైట్లు పోతే రేపు తినేదేంటి?"

మాటకి మాట పెరిగింది. నీళ్ళు తీశాయి గానీ ఆ మాట తీయలేదు. తమ్ముడు సందుకి అవతల, సరిగ్గా ఎదురుగా గది తీసుకుని వేరే స్టూడియో పెట్టాడు. లైట్లు చెరొకటి పంచుకున్నారు. వీధిలో వాళ్ళు అన్నని పెద్ద ఫోటో అనీ, తమ్ముణ్ణి చిన్న ఫోటో అనీ పిలవసాగారు.

లైట్లకి మాత్రం వేరుపడటం చేతకాలేదు. వాటి నెత్తిన బఠాణీ గింజంత గాజు కన్ను ఉంటుంది. వైరు అక్కర్లేదు. కెమెరా మీది చిన్న ఫ్లాష్ మెరిస్తే ఆ కన్ను చూసి లైటుని వెలిగిస్తుంది. వైర్లున్న రోజుల్లో తమ్ముడు వైరు కాలికి తగులుకుని ఒక పెళ్ళికొడుకు ఒళ్ళో పడ్డాడు. ఆ వారమే నాన్న కన్ను లైట్లు కొనుక్కొచ్చాడు. ఆ కంటికి మన ఫ్లాష్, పరాయి ఫ్లాష్ అని తేడా తెలియదు. సందు ఇరుకు, రెండు కొట్లకీ అద్దాల తలుపులు. ఇక్కడ ఫోటో తీస్తే అక్కడి లైటు కూడా వెలిగేది.

"మీకు మాటల్లేవు గానీ మీ లైట్లు కబుర్లాడుకుంటున్నాయి పెద్ద ఫోటో," అనేవాడు టీ కొట్టతను. "వాటిచేతే రాయబారం పంపకూడదూ?"

"ముందు నీ టీలో నీళ్ళు తగ్గించు."

పనికి మాత్రం అది పెద్ద తలనొప్పి. అవతలి మెరుపుకి వెలిగిన లైటు మళ్ళీ ఛార్జి అయ్యేలోపు బటన్ నొక్కితే ఫోటో చీకటిగా వచ్చేది. ఒకరోజు ఒకావిడ పసిపిల్లని నవ్వించడానికి నానా తంటాలు పడింది. పిల్ల నవ్విన ఆ ఒక్క క్షణంలో లైటు చేతులెత్తేసింది.

"దీనికంటే ఎదురుగా చిన్న ఫోటో దగ్గరికి పోయినా బాగుండేది," అని విసవిసా వెళ్ళిపోయింది ఆవిడ.

ఆ సాయంత్రమే పెద్ద ఫోటో లైటు కంటికి నల్ల టేపు అంటించి, పాత వైరు వెతికి కలిపాడు. పని కోసం అంటించాడు. మనసులో ఇంకేం లేదు.

చలికాలం వచ్చింది. మధ్యాహ్నం వీధిలో పిట్ట కూడా తిరగని వేళ ఎదుటి కొట్లో మెరుపు మెరిసేది. కాసేపాగి ఇంకోసారి. ఈ వేళప్పుడు కూడా వాడికి బేరమే, అనుకునేవాడు పెద్ద ఫోటో. కొంచెం కుళ్ళు, కొంచెం నిశ్చింత. వెళ్ళి పలకరించాలని ఉండేది. కాలు సాగేది కాదు. చిన్నవాడు, వాడే రావాలి. రాకపోతాడా.

తర్వాత మెరుపులు ఆగిపోయాయి. ఊరెళ్ళాడేమో అనుకున్నాడు. ఒక పొద్దున టీ కొట్టతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ రోజు హాస్యమాడలేదు.

"చిన్న ఫోటో ఆస్పత్రిలో పోయాడు. గుండె."

కర్మలన్నీ అయిపోయాక మరదలు ఎదుటి కొట్టు తాళం తీసి పెద్ద ఫోటోని పిలిచింది.

"గోడకి పెట్టుకుందామంటే ఆయన ఫోటో ఒక్కటీ దొరకలేదు బావగారూ. ఊరందరివీ తీశారు, తనది తీసుకోలేదు."

పెద్ద ఫోటో వెతుకుతూ లైటు దగ్గర ఆగాడు. అది ఫోటో దిగేవాళ్ళు కూర్చునే కుర్చీ వైపు లేదు.

"ఇది వీధివైపు తిరిగుందేంటమ్మా?"

"మీ కోసమేనండీ. బేరాలెక్కడివి మాకు? మధ్యాహ్నం కూర్చుని దీని బటన్ నొక్కేవారు. అన్నయ్య లైటు పలికితే లేచి వెళ్ళి మాట్లాడతానే, అనేవారు. ఇదివరకు పలికేది కదండీ. లైటు కన్ను కూడా మూసేశాడు, ఇంకా కోపం చల్లారలేదు, అని ఊరుకునేవారు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు కూడా నొక్కబోతే నేనే కసిరాను, ముందు బండెక్కండి అని."

పెద్ద ఫోటో స్టాండు పట్టుకున్నాడు.

"అది... ఫోటోలు పాడవుతున్నాయని టేపేశానమ్మా."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"అంతేనా బావగారూ?"

"అంతే."

మర్నాడు పొద్దున్నే ఆయన కొట్టు తీశాడు. టేపు ఎండి అతుక్కుపోయింది. గోటితో గీకి, మిగిలిన జిగురు తడిగుడ్డతో తుడిచాడు. వైరు పీకేశాడు. లైటుని వీధివైపు తిప్పి కరెంటు పెట్టాడు. అవతల మరదలు కొట్టు ఊడుస్తోంది. అద్దంలోంచి వేలితో సైగ చేశాడు, నొక్కమని. ఆమె చీపురు గోడకి ఆనించి, పైట చెంగుతో చేయి తుడుచుకుని నొక్కింది.

ఆయన లైటు పలికింది.

పెద్ద ఫోటో చెప్పులు తొడుక్కుని సందు దాటాడు.