దొర పంపిన ఫ్రిజ్

“మా శారదనే నొక్కింది” అని మదన్ మోహన్ రావు ఫోన్లో తమ్ముడికి చెప్తున్నప్పుడు, శారద వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతిలో కాయ చేతిలోనే ఆగిపోయింది.

“ఆడోళ్ళు గదా తమ్మీ, ఫ్రిజ్ అనంగనే ఆగలే. నేను లేంది సూసి నొక్కింది.”

స్పీకర్లో పెట్టిన ఫోను కాబట్టి, సిరిసిల్ల నుంచి మరిది సురేందర్ నవ్వు వంటింటిదాకా వచ్చింది. “వదినకు గంత మోజేందన్నా! అడిగితే నేనే ఐసుగడ్డ పంపేటోన్ని గదా!”

నొక్కింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో శారద నొక్కనిదేమిటి? అత్తగారి కాళ్ళు నొక్కింది. ఆయనకు తలనొప్పి వస్తే కణతలు నొక్కింది. ఇస్త్రీపెట్టె కింద ఆయన చొక్కాలనూ, ఆ మడతల్లో తన మాటలనూ కలిపి నొక్కింది. బీకాం చదివిందని జగిత్యాలలోనే బ్యాంకు ఉద్యోగానికి పిలిస్తే, “దొరల కోడలు కౌంటర్ల కూసుంటదా?” అని అత్తగారు అన్ననాడు తన గొంతు తానే నొక్కుకుంది. కూతురు హర్షిత ఫీజు కోసమని ఆయన గాజులు అడిగితే ఇచ్చి, అవి ఎక్కడికి పోయాయో అడగాలన్న ప్రశ్నను కూడా నొక్కేసింది. అన్నీ నొక్కింది గానీ, ఆ లింకు మాత్రం నొక్కలేదు.

నొక్కింది ఆయన. మొన్న పొద్దున, చాయ్ తాగుతూ. కోరుట్లలో కొత్తగా తెరిచిన దుకాణమట, పదో వార్షికోత్సవమట, ఫేస్‌బుక్‌లో లింకు నొక్కితే ఫ్రిజ్ ఉచితమట. కొత్త దుకాణానికి పదేళ్ళు ఎలా నిండాయని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది.

“గెలిచినోళ్ళనే పైసలు కట్టుమంటున్నరేందండీ? ఓటీపీ గూడ అడుగుతున్నరు.”

“డెలివరీ చార్జి అది. నీకేమెరుక, ఊకో. ఇంకింత చక్కెర ఎయ్యి.”

వేసింది. ఆయన ఓటీపీ చెప్పేశాడు. కప్పులో చక్కెర కరిగేలోపు బ్యాంకులో ఖాతా కరిగిపోయింది. దొర దొంగకు దొరికిపోయాడు. ఫ్రిజ్ రాలేదు గానీ ఇల్లు మాత్రం చల్లబడింది.

“సైబర్ పోలీసులకు 1930కి ఫోన్ చేద్దామండీ. జల్ది చేస్తే పైసలు ఆపుతరట.”

“పోలీసోళ్ళకు చెప్పి పరువు తీసుకుందామా?”

ఆ ఇంట్లో పరువు ఆయనది, బరువు ఆమెది. ఇవాళ్టి ఫోనుతో తప్పు కూడా చేతులు మారింది.

అంతటితో పోతే శారద ఇది కూడా మింగేదేమో. కానీ బహుమతి రావాలంటే ఆ లింకును ఒక వాట్సాప్ గ్రూపుకు పంపాలని ఆ పేజీ అడిగితే, ఆయన మొన్ననే కథలాపూర్ దగ్గరి తమ ఊరి గ్రూపుకు పంపేశాడు.

“దొర్సానీ!”

గేటు దగ్గర మల్లవ్వ. ఊళ్ళో వీళ్ళ పొలం చూసే బుచ్చన్న భార్య. బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చి, కొంగుముడిలోంచి ఫోను తీసింది.

“దొర పంపిండు గద ఫ్రిజ్, నాకు గూడ తగిలింది! బ్యాంకు కార్డు ఫోటో మా కోడలు నిన్ననే పంపి తల్లిగారింటికి పోయింది. ఇగ ఫోన్ల అచ్చిన నంబరొకటి చెప్పుమని ఒక్కటే తీర్గ ఫోన్ జేస్తున్నరు. నాకు సదువు రాదాయె, జర సదివి చెప్పు. మా కొడుకు సాయిగాడు మస్కట్ నుంచి పంపిన పైసలన్ని గీ ఖాతల్నే ఉన్నయ్.”

“గిది నిజమా అని ఎవలన్న అడిగినవా మల్లవ్వా?”

“దొర పంపినంక అడుగుడేంది!”

 ముప్ఫై ఏళ్ళుగా తనూ అడగలేదు.

“ఇంకెవలు చెప్పిండ్రు నంబరు?”

“మా పక్కింటి వజ్రమ్మ పొద్దుగాల్నే చెప్పింది. ఫ్రిజ్ ఇంక రాలే, బండి తొవ్వల ఉన్నదట. మా వాడోళ్ళందరు ఇయ్యాల్నే చెప్తరు.”

మదన్ మోహన్ రావు వెనక నుంచి వచ్చి, చెవి దగ్గర గొంతు తగ్గించాడు. “ఫోన్ ఖరాబైందని చెప్పి పంపియ్యి. నేను మోసపోయిన్నని తెలిస్తే రేపు ఊర్ల నన్ను సూసి ఎవడు లేచి నిలవడ్తడు?”

“మరి ఊరోళ్ళు?”

“వాళ్ళ తిప్పలు వాళ్ళు పడ్తరు. నువ్వు వంట సూడు.”

మల్లవ్వ చేతిలో ఫోను మోగింది. శారద అందుకుని కట్ చేసింది. ఆ ఫోనులోనే ఊరి గ్రూపు తెరిచింది. ఆయన పంపిన ఫ్రిజ్, దాని కింద వరసగా దండాలు. పక్కన మైకు గుర్తు. మాట్లాడినంతసేపూ దాన్ని నొక్కి పట్టాలి, వదిలితే మాట ఊరు చేరుతుంది. చిక్కుడు పసరంటిన బొటనవేలు దాని మీద పెట్టింది.

“నేను శారదను మాట్లాడుతున్న, మదన్ మోహన్ రావు గారి భార్యను. గ్రూపుల అచ్చిన ఫ్రిజ్ దొంగలది. నంబరు ఎవ్వలకు చెప్పకుండ్రి. గెలిచినోళ్ళ దగ్గర పైసలడిగేటోడు ఇచ్చేటోడు గాదు, గుంజేటోడు. కార్డు ఫోటో పంపినోళ్ళు బ్యాంకుకు పోయి బంద్ పెట్టియ్యుండ్రి. నంబరు చెప్పినోళ్ళు సిగ్గు పడకుండ 1930కి ఫోన్ చెయ్యుండ్రి. వజ్రమ్మా, నువ్వు ఇప్పుడే చెయ్యి. మా ఖాతా గూడ ఖాళీ అయింది.”

గుమ్మంలో ఆయన వద్దని తల ఊపుతున్నాడు. రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆయన చేతులు తన కోసం అంతగా కదలడం శారద ఎప్పుడూ చూడలేదు. వేలు నొప్పి పుడుతున్నా తీయలేదు.

“నొక్కింది నేను గాదు” అంది, అప్పుడు వదిలింది.