చిన్నకోడలి కారుకు సూపర్‌చార్జర్

మా తోడికోడలు తన బుల్లి కారుకు సూపర్‌చార్జర్ బిగిస్తానని చెప్పిన రోజున నేను పడీపడీ నవ్వాను. పైకి నవ్వానే గానీ లోపల చురుక్కుమంది. దాచడం దేనికి, నా కడుపుమంట ఆ రోజే మొదలైంది.

ఈ ఇంట్లో బండి అంటే నేను. పందొమ్మిదేళ్ళుగా నేనే. మా నాన్న షెడ్డులో స్పానర్లతో ఆడుకుంటూ పెరిగినదాన్ని. పెళ్ళయి వచ్చాక ఈ ఇంటి ముందు భాగంలో నా సొంత షెడ్డు పెట్టుకున్నాను. మా ఆయన లెక్కల మాస్టారు. బానెట్ ఎటువైపు తెరుచుకుంటుందో ఇప్పటికీ తెలియదు. మందుల షాపులో కూర్చునే మా మరిదికి అసలు బానెట్ అనేదొకటి ఉంటుందనే తెలియదు. ఇంట్లో బండి సంగతి ఎరిగినవాడు మామయ్య ఒక్కడే. నలభై ఏళ్ళు బస్సు తోలిన మనిషి. గుమ్మంలోకి ఎవరొచ్చినా, "మా పెద్దమ్మాయి చెవి ఉంది చూశారూ, అది చెవి కాదు, మిషను!" అని మొదలుపెట్టేవాడు. నిజమే మరి. వీధి మలుపు తిరిగే బండి చప్పుడు విని ఏ సిలిండర్ అలిగిందో చెప్పేస్తాను. ఎవరినైనా అడగండి. మా ఆయన మెచ్చుకోడు, అత్తయ్యకు ఆ అలవాటే లేదు. మెచ్చుకోలుకు మొహం వాచిన నేను మామయ్య చెప్పే ఆ ఒక్క ముక్క పట్టుకునే ఇన్నేళ్ళూ లాక్కొచ్చాను.

ఇక చిన్నకోడలుగారు. ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మిషను మీద పదేళ్ళుగా పని. నోట్లో నాలుక లేనట్టు ఉంటుంది. దానికి నేను మనసులో పెట్టుకున్న పేరు మరమేకు. చప్పుడు చెయ్యదు, గొడవ పెట్టుకోదు, తిరుగుతూ తిరుగుతూ లోపలికి దిగిపోతుంది. ఆరేళ్ళలో ఈ ఇంట్లోకి అలాగే దిగింది. అత్తయ్య కళ్ళజోడుకు ఊడిపోయిన బుల్లి మర అదే చేసి పెట్టింది. మామయ్య కుర్చీ కిర్రుమంటే అదే సరిచేసింది. ఆ కిర్రు నాకూ వినపడుతూనే ఉంది, రేపు చూద్దాంలే అనుకున్నాను. అదీ నా ఖర్మ.

సూపర్‌చార్జర్ అంటే మరేం లేదు, ఇంజను బెల్టుతోనే తిరిగే గాలి పంపు. ఇంజను మామూలుగా పీల్చుకునే గాలికి ఇంకాస్త గాలి బలవంతంగా కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ పోయొచ్చు, మంట పెరుగుతుంది, బండి లాగుతుంది. మరమేకు పాత సామాను యార్డులో వెతికి ఎవరిదో పెద్ద కారు నుంచి ఊడదీసిన పంపు ఒకటి తెచ్చుకుంది. దాన్ని ఆ అగ్గిపెట్టెంత ఇంజనుకు తగిలించాలంటే మధ్యలో ప్లేటు కావాలి, పుల్లీ కావాలి, బ్రాకెట్ కావాలి. అన్నీ తనే చేసుకుంది. వెనక వసారాలో కారు పెట్టుకుని పద్నాలుగు నెలలు.

నన్నొక్క మాట అడిగితే ఒట్టు. "అడగొచ్చుగా, నేనేమైనా అరణ్యంలో ఉన్నానా?" అన్నానొకసారి. "మీకు షెడ్డు పనితో ఊపిరాడదు కదక్కా, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని" అంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

అది డ్యూటీకి వెళ్ళిన మధ్యాహ్నాలు నేను వసారాలోకి వెళ్ళేదాన్ని. దొంగచాటుగానే. తప్పు దొరుకుతుందేమోనని వెతికేదాన్ని. పంపు కింద ప్లేటు ఇంజనుకు ఆనిన చోట ఎత్తుపల్లాలు ఉండకపోతాయా అని అతుకు మీద గోరుతో గీసి చూశాను. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అతుకుందని కంటికి కనబడుతోంది, గోటికి తెలియడం లేదు. ఒళ్ళు మండిపోయింది. పెట్రోలు పంపు పెద్దది వేసింది, సైలెన్సర్ గొట్టం వెడల్పు చేసింది, క్లచ్ మార్చింది. నేనైతే ఏ వరసలో చేస్తానో అదే వరసలో చేసింది. ఎవరు నేర్పారు దీనికి?

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు అందరూ వసారాలో నిలబడ్డారు. ఇంజను అందుకుంది. దాని మీద సన్నటి ఊళ ఒకటి, పంపు తిరిగే చప్పుడు. మామయ్య ముందుకు వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"ఇన్నాళ్ళకి మనింట్లో ఇంజను కట్టే మనిషొచ్చింది" అన్నాడు. "బాగుచేసేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. కట్టేవాళ్ళు వేరమ్మా."

నా పక్కనే నిలబడి అన్నాడు. నన్ను నొప్పించాలని కాదు, ఆయనకా బుద్ధి లేదు. అదే ఇంకా మండింది. కావాలని అన్న మాటైతే తిరిగి నాలుగు అనేదాన్ని. వీధికి పదిమందిలో నేనొకదాన్ని అన్నమాట! ఆ పూట అన్నం సహించలేదు.

సాయంత్రం మరమేకు నా షెడ్డులోకి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, ఒక సాయం కావాలి. మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు."

"చెప్పు."

"నాకు సన్నటి చప్పుళ్ళు వినపడవక్కా. లేత్ మిషను దగ్గర పదేళ్ళు కదా, తినేసింది. మా ఫ్యాక్టరీలో ఏటా చెవులు పరీక్ష చేస్తారు, ఏటా ఆ కాగితం మీద నా వినికిడి గీత ఇంకాస్త కిందికే. బండిలో నాకింగ్ వచ్చినా నాకు తెలియదు. మీరు పక్కన కూర్చుని ఒక్కసారి వినండి. మీరు బాగుందంటే చాలు, ఇంకెవరి మాటా అక్కర్లేదు."

నాకింగ్ అంటే ఏమిటో చెప్పాలి. గాలి బలవంతంగా కుక్కిన ఇంజనులో మంట సరైన క్షణం కంటే ముందు అంటుకుంటే పిస్టన్ నెత్తిన సుత్తిదెబ్బ పడుతుంది. అలా పడుతూ ఉంటే కాసేపటికి పిస్టన్‌కు చిల్లు. బయటికి వచ్చే చప్పుడు మాత్రం చాలా చిన్నది. ఆ సాయంత్రమే ఊరి బయట తిన్నని రోడ్డు మీద మూడో గేరులో అది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కింది. వీపు సీటుకు అతుక్కుపోయింది నాకు. ఆ బుల్లి కారుకు అంత లాగుడేమిటి! అప్పుడు వినపడింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు కదిపినట్టు, ఆ ఊళ వెనకాల, సన్నగా.

పెద్ద జబ్బేం కాదు. మంట అంటుకునే టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి తిప్పితే పోతుంది. పది నిమిషాల పని.

"ఏమైనా ఉందా అక్కా?" కళ్ళు రోడ్డు మీదే పెట్టి అడిగింది.

నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

"ఏం లేదు. బాగుంది" అన్నాను.

చంపెయ్యాలని కాదండీ. అంత రాక్షసిని కాను. నా లెక్క నాకుంది. నాలుగు రోజులు తిప్పుతుంది, లాగుడు తగ్గుతుంది, ఏదో తేడాగా ఉందని మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. అప్పుడు మామయ్య ముందు బానెట్ ఎత్తి రెండు డిగ్రీలు తిప్పి మూస్తాను. కట్టేవాళ్ళు వేరట! కట్టినదాన్ని బతికించేవాళ్ళు ఎవరో అప్పుడు చూద్దురుగాని. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా, సిగ్గు లేకుండా.

తెల్లవారగానే మామయ్య, "నన్నూ ఎక్కించుకోవే ఓసారి" అన్నాడట. నేను లేచేసరికే ఇద్దరూ వెళ్ళిపోయారు. నీళ్ళ ట్యాంకు గుట్ట మీదికి, నిలువు ఎత్తు. రెండో మలుపులో ధన్‌మని చప్పుడు, వెనకంతా తెల్లటి పొగ. మనుషులకేం కాలేదు. మామయ్యే హ్యాండ్‌బ్రేక్ లాగాడు. మధ్యాహ్నానికి తాడు కట్టి లాక్కొచ్చి నా షెడ్డులో నిలబెట్టారు.

ఇంజను విప్పింది నేనూ అదీ కలిసే. మూడో పిస్టన్ అంచు కరిగి వేలు దూరేంత చిల్లు పడింది. ముక్కలు గీరుకుని సిలిండర్ గోడ కూడా పోయింది. మరమేకు ఆ పిస్టన్‌ను గుడ్డతో తుడిచింది, మళ్ళీ తుడిచింది, ఇంకా తుడుస్తూనే ఉంది. పద్నాలుగు నెలలు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

మామయ్య స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"నేను మెల్లగా పోవే అన్నాను" అన్నాడు. "'అక్క విన్నది మామయ్యా, బాగుందన్నది, భయం లేదు' అని తొక్కింది. పెద్దమ్మాయ్, ఇంత దెబ్బ కొట్టే ఇంజను నిన్న నీకు వినపడలేదా?"

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. వినపడిందంటే నేను మనిషిని కాను. వినపడలేదంటే నా చెవి చెవి కాదు.

"వినపడలేదు మామయ్యా" అన్నాను.

ఆయన మొహం చూడలేకపోయాను. మరమేకు గభాల్న అందుకుంది. "అక్కననకండి మామయ్యా. ఆ పంపు ఊళలో ఎవరికి వినపడుతుంది? తప్పు నాదే." తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుని స్పానర్లు సర్దుకున్నాను.

ఆ మర్నాటి నుంచి మొదలైంది నా భాగోతం. ఇంట్లో అందరూ నాతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మా ఆయన వెనక నుంచి "టీ కావాలాఆ?" అని అరుస్తాడు. అత్తయ్య పక్కింటావిడతో "పాపం, మా పెద్దదానికి చెవుడొచ్చింది" అని నా ఎదురుగానే, నాకు వినపడదన్న ధైర్యంతో. అవన్నీ భరించాను. ఒకరోజు మామయ్య పాత స్నేహితుడు కారు చూపించడానికి వచ్చాడు. నా చెవి గురించి మామయ్య ఎప్పటిలా మొదలుపెడతాడేమోనని చేస్తున్న పని ఆపి మరీ విన్నాను. మామయ్య ఆయన్ని పక్కకు తీసుకెళ్ళి, "ఇంకోచోట కూడా చూపించుకో, మంచిది" అని గొణిగాడు. అంత మెల్లగా అన్న మాట కూడా నాకు స్పష్టంగా వినపడింది.

మరమేకు మాత్రం ఊరుకోలేదు. "మా ఫ్యాక్టరీ డాక్టరమ్మతో మాట్లాడానక్కా. మీ చెవులు పరీక్ష చేస్తుంది. ముందే పట్టుకుంటే ఆగుతుందట. నాలా అయ్యేదాకా ఉండకండి" అంది. వద్దన్నాను. పని ఉందన్నాను. తలనొప్పన్నాను. అందరూ కలిసి బస్సెక్కించారు.

నన్ను చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించారు. చేతిలో మీట. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. నొక్కితే అవతల డాక్టరమ్మ బల్ల మీద దీపం వెలుగుతుంది. మరమేకు ఆమె పక్కనే నిలబడింది.

మొదటి చప్పుడు వచ్చింది. నొక్కలేదు. రెండోది. నొక్కలేదు. ఆడిన అబద్ధం నిలబెట్టుకోవాలి కదా. మూడోది, నాలుగోది, అన్నీ గంట కొట్టినట్టు వినపడుతున్నాయి. గాజులోంచి మరమేకు మొహం కనబడుతోంది. అది నన్ను చూడటం లేదు, ఆ దీపాన్ని చూస్తోంది. వెలగని ప్రతిసారీ దాని పెదవులు బిగుసుకుంటున్నాయి. ఆఖరికి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిస్టన్ చేతిలో పెట్టుకుని ఏడవని మనిషి నా చెవుల కోసం ఏడుస్తోంది.

నాకు జాలి కలిగిందనుకుంటున్నారా? లేదు. అప్పుడు కూడా కుళ్ళే వచ్చింది. ఇంత మంచితనం దీనికి ఎక్కడిది, నాకెందుకు లేదు అని. ఇందులో కూడా నన్ను మించిపోవాలా! బొటనవేలు మీట మీద పడింది. నొక్కాను. ఆ తర్వాత వచ్చినవన్నీ నొక్కాను. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. వరసగా నొక్కుకుంటూ పోయాను. ఈగ రెక్క కదిలినంత చప్పుడుకు కూడా నొక్కాను.

"ఈవిడకేం జబ్బమ్మా!" డాక్టరమ్మ నవ్వింది. "ఇలాంటి చెవులు ఇరవై ఏళ్ళ పిల్లలకు ఉంటాయి. మొదట్లో కంగారుపడి నొక్కలేదేమో."

కాగితం మరమేకు చేతికిచ్చింది. ఫ్యాక్టరీ డ్రాయింగుల్లో గీతలు చదవడం దాని వృత్తి. చెంగుతో కళ్ళు తుడుచుకుని నవ్వుతూనే మొదలుపెట్టింది. నా గీత వెంట వేలు జరుపుకుంటూ కుడివైపుకు వెళ్ళింది, సన్నటి చప్పుళ్ళ వైపుకు. ఒకచోట వేలు ఆగింది.

"నా గీత పడిపోయేది ఇక్కడేనక్కా" అంది. ఇంకాస్సేపు ఆ చుక్కనే చూసింది. నవ్వు పోయింది. "నాకింగ్ చప్పుడు ఉండేదీ ఇక్కడే."

"అక్కడే" అన్నాను.

"మీకు వినపడింది."

అడగలేదు, చెప్పింది. నేను తలూపాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. కాగితాన్ని అంచుకు అంచు సరిగ్గా కలిపి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"మామయ్యకు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తాను."

బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది. ఇంటిదాకా అది కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చింది.