కళ్ళు మూసుకోండి మేడమ్

రోజూ ఇంటికి చేరే ముందు నా ముఖం నేను తుడిచేసుకుంటాను. షాపు వెనక బాత్‌రూమ్‌లో నిలబడి, దూదికి క్లెన్సర్ అద్దుకొని, ముందు పెదవులు, తర్వాత కళ్ళు, చివర బుగ్గలు. పొద్దున మళ్ళీ ఇదంతా వేసుకోవాలి. షాపు పదిన్నరకు తెరుస్తారు. మేము మాత్రం పదింటికే వచ్చి, పూర్తి మేకప్‌తో, జుట్టు ముడి వేసుకొని సిద్ధంగా ఉండాలి. ఆ అరగంట డ్యూటీ కిందికి రాదు. అంత కష్టపడి వేసుకున్న ముఖంతో సరూర్‌నగర్‌లో మా గల్లీలోకి అడుగు పెట్టకూడదన్నది మా అత్తమ్మ కనకమ్మ పెట్టిన షరతు. ఉద్యోగంలో చేరిన వారంలోనే నన్ను గేటు దగ్గర ఆపేసింది. "ఏందే గా మొఖం? వేషం కట్టినట్టు! కడుక్కొని గప్పుడు లోపలికి రా" అంది. పక్కింటివాళ్ళు చూస్తుండగా గేటు పక్క నల్లా దగ్గర కడుక్కున్నాను. మా ఆయన రమేష్ లోపల్నుంచి వచ్చి తువ్వాలు అందించి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. తువ్వాలు ఇచ్చినందుకే అప్పట్లో అతన్ని మంచివాడనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

నేను చేసే పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. బ్యూటీ కన్సల్టెంట్ అంటారు. వచ్చినావిణ్ణి ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, దవడ అంచున మూడు ఫౌండేషన్ షేడ్లు మూడు గీతలుగా గీస్తాను. తర్వాత వాకిలి దగ్గరికి, ఎండ వెలుతురులోకి తీసుకెళ్తాను. షాపు లైట్ల కింద ఏదైనా బాగానే కనిపిస్తుంది, అసలు సంగతి ఎండలో తెలుస్తుంది. ఏ గీత చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతుందో అదే ఆవిడ షేడ్. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని వద్దని, తెల్లగా తేలి కనిపించేదాన్నే ఇమ్మంటారు. లిప్‌స్టిక్ రంగులు చూపించడానికి నా ఎడమ చెయ్యే పలక. సాయంత్రానికి మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చారలుంటాయి. "గా మరకల చేతులతోని పిండి కలుపుతవా?" అని అత్తమ్మ అంటుంది కానీ, పిండి మాత్రం తను కలపదు. కస్టమర్ ముఖం ముట్టుకునే ముందు అనుమతి అడగాలి, కంటికి బ్రష్ ఆనించే ముందు "కళ్ళు మూసుకోండి మేడమ్" అనాలి. రోజుకు యాభైసార్లు అంటాను. ఉన్న ఒక్క స్టూలూ కస్టమర్లది. మేము కూర్చోకూడదు. నెలసరి రోజుల్లో ఒకసారి గోడకు ఆనుకుంటే మేనేజర్ చక్రపాణి గారు వచ్చి, "ఇంట్ల ఆనుకోండమ్మా, ఈడ కాదు" అన్నారు. ఇంట్లో ఆనుకునే గోడ ఎక్కడుందో ఆయనకే తెలియాలి.

మా అత్తగారివాళ్ళది పోచంపల్లి వైపు. కొత్తపేటలో చీరల షాపుంది. రమేష్ పొద్దస్తమానం అక్కడ ఆడవాళ్ళ ముందు నిలబడి, చీర తన భుజాన వేసుకొని, కుచ్చిళ్ళు పట్టి, అటూ ఇటూ తిరిగి చూపిస్తాడు. "మావోడు కట్టి చూపిచ్చిండంటే ఆడోళ్లు కొనకుండ లేవరు" అని అత్తమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకొని మురిసిపోతుంది. అది వ్యాపారమట. నేను ఒక ఆడదాని పెదవికి రంగు అద్దితే మాత్రం ఇంటి ఇజ్జత్ పోతుందట. ఈ మాటే ఒకసారి రమేష్‌తో అన్నాను. "అదీ ఇదీ ఒకటేనా? నీకు తెల్వదు, ఊకో" అన్నాడు. ఏం తెలియదో ఇప్పటిదాకా చెప్పలేదు.

ఆడబిడ్డ ప్రసన్నకు మూసారాంబాగ్ సంబంధం వచ్చింది. వాళ్ళు పిల్లను చూడటానికి వచ్చిన రోజు నన్ను సెలవు పెట్టొద్దన్నారు. తొమ్మిదేళ్ళ కాపురంలో నన్ను డ్యూటీకి పొమ్మని వాళ్ళంతట వాళ్ళు అనడం అదే మొదటిసారి. ఐదింటికి లేచి ఇరవైమందికి వండిపెట్టి వెళ్ళిపోయాను. కోడలు హైటెక్ సిటీలో కంప్యూటర్ నౌకరి చేస్తుందని వాళ్ళతో చెప్పారట. "ఏమనుకోకు వదినా, అమ్మ సంగతి నీకెర్కే కదా" అంది ప్రసన్న, నా చేతిలోంచి గిన్నె తీసుకొని తోముతూ. ఆ ఇంట్లో నా గిన్నె అందుకునేది తనొక్కతే. మరి నిశ్చితార్థంలో నన్ను చూస్తారు కదా, ఎప్పుడైనా షాపుకొచ్చి గుర్తుపడితే ఎలా అని అత్తమ్మనే అడిగాను. "రంగు తుడిస్తే నిన్నెవలు గుర్తువడ్తరు?" అంది. మాట గట్టిగా కూడా అనలేదు, ఉల్లిగడ్డలు తరుగుతూ అంది.

మా ఇంట్లోవాళ్ళ లెక్కలో నేను పనిచేసేది ఎల్బీనగర్‌లో. రెండు నెలల కిందటే నన్ను దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచికి మార్చారు. ఆ రోజు అన్నం వడ్డిస్తూ చెప్పాను కూడా. రమేష్ ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నాడు. అత్తమ్మ "పప్పుల ఉప్పు తక్కువైంది" అంది. మళ్ళీ చెప్పలేదు. రెండు నెలలుగా నేను ఎటు పోయి ఎటు వస్తున్నానో ఎవరూ అడగలేదు.

పోయిన గురువారం పొద్దున అత్తమ్మ నాతో బియ్యప్పిండిలో నువ్వులు కలిపి సర్వపిండి చేయించింది. నిశ్చితార్థం ఇంకా కాకముందే, పెళ్లికొడుకు తల్లితో కలిసి పెళ్లి సామాను కొనడానికి పోతున్నారట. "ఎటు దిక్కు పోతున్నరు అత్తమ్మా?" అని అడిగాను. "నీ దిక్కు రాంలే, ఫికర్ చెయ్యకు" అంది. నా దిక్కంటే ఎల్బీనగర్. సర్వపిండి గిన్నె ఆమె సంచిలో పెట్టి, నూనె చేతులు కడుక్కొని, మెట్రో ఎక్కాను.

పన్నెండింటికి షాపు అద్దం తలుపు తెరుచుకుంది. ముందు మెడనిండా బంగారంతో ఒక పెద్దావిడ, పెళ్లికొడుకు తల్లే అయ్యుండాలి, వెనక ప్రసన్న, ఆ వెనక సంచి పట్టుకొని మా అత్తమ్మ. అత్తమ్మ నన్ను చూసి ఆగిపోయింది. వెనక్కి ఒక అడుగు వేసింది కూడా. కానీ పెద్దావిడ అప్పటికే నా కౌంటర్ మీద చెయ్యి వేసి, "కొత్త కోడలికి మంచిగ సూటయ్యేది చూపియ్యమ్మా" అంది. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు నా ముఖం మీద నుంచి నా వెనక అరల మీదికి జారిపోయాయి.

"ఓ అమ్మాయీ, జర జల్ది చూపియ్యి" అంది.

ఓ అమ్మాయీ! తొమ్మిదేళ్ళు నా చేతి అన్నం తిన్న మనిషి. గాజు కౌంటర్ అంచు పట్టుకున్నాను. ఏమైనా అంటే ఇంట్లో బతకలేను, అనకపోతే ఇక్కడ నిలబడలేను. అవతల చక్రపాణి గారు చూస్తున్నారు. కౌంటర్ అలవాటు కొద్దీ పెదవులు వాటంతట అవే నవ్వాయి. "కూర్చోండి మేడమ్" అన్నాను ప్రసన్నతో.

ప్రసన్న దవడ మీద మూడు గీతలు గీసి వాకిలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఎండలో మధ్య గీత కలిసిపోయింది. "వదినా, ఏమనకు, నీ కాళ్లు మొక్కుత" అంది ప్రసన్న పెదవులు కదలకుండా. దాని కళ్ళు నిండిపోయాయి. "నువ్వు భయపడకు" అన్నాను. ఆ క్షణంలో నిజంగానే ఏమీ అనదలుచుకోలేదు.

"మధ్యది కలిసింది మేడమ్" అని పెద్దావిడతో చెప్పాను.

"కలిసేదెందుకమ్మా? గా తెల్లది ఇయ్యి. మావోడు తెలుపు. పక్కన నిలవడితే ఈమె కంటికి ఆనాలె కదా!" అందావిడ. అత్తమ్మ తలూపింది. ప్రసన్న తల దించుకుంది. తెల్ల షేడే బిల్లు చేశాను.

పెద్దావిడ మంచి హుషారులో ఉంది. నా చేతి మీది చారలు చూసి, మెడలో పుస్తెలు చూసి, "పెండ్లైందా నీకు? రోజూ గిట్ల తయారై ఒస్తే మీ అత్త ఏమనదా?" అని అడిగింది.

"ఇంటికి పోయే ముందు తుడుచుకుంటాను మేడమ్" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఇన్నవా వదినె? పాపం అత్తకు తెల్వకుండ మేనేజ్ చేస్తుందంట! రోజంత పరాయోళ్ల మొఖాలు పట్టుకునేటోళ్లు ఇల్లేం చూస్తరు?"

"అవ్, గిసోంటోళ్ల ఇండ్లల్ల పొయ్యి ముట్టిచ్చేటోళ్లే ఉండరు" అంది మా అత్తమ్మ.

"అందుకే మీ ఇల్లంటే నాకిష్టం. పొద్దుగాల ఆ సర్వపిండి ఎంత కమ్మగున్నదో! నువ్వే చేసినవా?"

"నేను గాకుంటే ఎవలు చేస్తరు వదినె?"

నా గోళ్ళ సందుల్లో ఇంకా నువ్వుల వాసన ఉంది. ఇంట్లో నేను వేసుకున్న రంగు కనపడకూడదు, ఇక్కడ నేను చేసిన వంట కనపడకూడదు. నేను మొత్తంగా ఎక్కడ ఉండాలో ఎవరూ చెప్పడం లేదు. ప్రసన్న సంచి వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది. ముఖం మీద ఆ తెల్ల గీత ఇంకా తుడుచుకోలేదు. రేపు మూసారాంబాగ్‌లో అది ఈ షేడే వేసుకొని తిరుగుతుంది. ఏదో ఒక రోజు దాన్నీ ఇలాగే, దగ్గరివాళ్ళే, ఎరగనట్టు చూస్తారు. నేను ఇప్పుడు నోరు మూసుకుంటే దానికి నేర్పించేది ఇదే.

"ఇన్ని కొన్నం, మా వదినెకు కూడ జర ఉత్తగ చెయ్యరాదమ్మా" అంది పెద్దావిడ. అత్తమ్మ వద్దంటూనే ఉంది. పెద్దావిడే ఆమె భుజాలు పట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది.

తొమ్మిదేళ్ళలో నేను అత్తమ్మ ముఖాన్ని ముట్టుకోలేదు. కాళ్ళు పిసికాను, తలకు నూనె పెట్టాను, దవాఖానలో పక్క మార్చాను. ముఖం మాత్రం ఎప్పుడూ నన్ను చూసి చిట్లించుకునేదే. గడ్డం కింద చెయ్యి ఆనించి పైకెత్తాను. చర్మం ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు. కళ్ళద్దాలు తీస్తే ముక్కుకి రెండు వైపులా నల్లటి గుంటలు. ఆమె కూడా ఎవరింటి పొయ్యి దగ్గరో ఎవరికీ కనపడకుండానే ముసలిదై ఉంటుంది. జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన తగ్గే బాధ కాదు ఇది.

బ్రష్ తీసుకున్నాను. "కళ్ళు మూసుకోండి మేడమ్" అన్నాను.

మూసుకోలేదు. నన్నే చూస్తోంది, కళ్ళతోనే బెదిరిస్తూ, కళ్ళతోనే బతిమాలుతూ. పెద్దావిడ పక్కనే వంగి చూస్తోంది. గేటు దగ్గరి నల్లా గుర్తొచ్చింది, ఈ సాయంత్రం ముఖం తుడుచుకోకుండానే దాన్ని దాటి లోపలికి పోతానని అప్పుడే అనుకున్నాను.

బ్రష్ అలాగే పట్టుకొని, షాపులో అందరికీ వినిపించేలా అన్నాను.

"కండ్లు మూస్కో అత్తమ్మా."