నీలం అంటిన బద్ద

వెదురు బద్దను రిజిస్టరు మీద ఆనించి, ఎడమచేతి రెండు వేళ్లతో అదిమిపట్టి, బర్నబా ఆరో గీత గీశాడు. గీత కొసకు చేరేదాకా ఊపిరి బిగబట్టడం అతని అలవాటు. కలం ఎత్తాక వదిలాడు. ఈసారి వదలడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

ఆ బద్ద విరిగిన చేతులకు కట్టేదే. నాలుగేళ్లుగా దాంతోనే గీతలు గీస్తున్నాడు. ఒక అంచు సిరా తాగి తాగి నీలంగా మారింది.

పటాన్‌చెరు రోడ్డు మీద, రేకుల కప్పు కింద, సంగప్ప విరిగిన బొక్కలు కట్టేవాడు. ఒకప్పుడు ఈతచెట్టు మీంచి పడ్డవాళ్లు, ఎద్దు తన్నినవాళ్లు వచ్చేవారు. వాళ్లకు కాగితాలతో పని లేదు. చుట్టూ కంపెనీలు లేచాక మిషన్లలో చేతులు పెట్టినవాళ్లు రాసాగారు. వాళ్లకు కాగితం కావాలి. ఏ రోజు దెబ్బ తగిలింది, ఏ రోజు కట్టు పడింది, ఎన్నాళ్లు పనికి రాలేడు, ఇవన్నీ రాసి ఇస్తేనే కంపెనీ సెలవు కింద రాసుకుంటుంది, వైద్యం బిల్లు చెల్లిస్తుంది. క్రైస్తవ మిషన్ బడిలో ఏడో తరగతి చదివిన బర్నబా అందుకే ఈ పనిలో కుదిరాడు.

చిక్కంతా సంగప్ప పద్ధతితోనే. కట్టు విప్పిననాడు తప్ప ఆయన పైసా ముట్టడు. అంతదాకా కాగితాల మాట ఎత్తనివ్వడు. "చెయ్యి అతుకకముందే బిల్లేంది?" అంటాడు. ఆ మాటతో నెలల తరబడి కాగితాలు పేరుకుపోయేవి.

ఇప్పుడు ఇనుప గొట్టాల కంపెనీ నోటీసు పంపింది. పనికి రాని పన్నెండుమంది పేర్లు రాసి, శనివారం పన్నెండు గంటల్లోపు కాగితాలు అందనివాళ్ల పేర్లు కొట్టేస్తామంది. ఇవాళే శనివారం. మూడు రోజులు కూర్చుని పది కాగితాలు పూర్తిచేశాడు. రెండు పేర్లు మిగిలాయి, రాజేశ్వర్, విశ్వేశ్వర్. ఇద్దరిదీ ఇంద్రేశమే. కట్టు కట్టించుకున్నది మాత్రం ఒక్కరే.

పోయిన నెల బర్నబా జ్వరంతో రెండు రోజులు రాలేదు. అప్పుడు వచ్చిన ఒక్క మనిషికి సంగప్ప గోడ మీద బొగ్గుతో గీత పెట్టాడు.

"ఇదెవలిది అన్నా?" బర్నబా గోడ చూపించాడు.

"ఇంద్రేశమాయన. కుడి మణికట్టు. బొక్క సన్నంగ పలిగింది."

"పేరు?"

"పేరుతోని నాకేం పని? చెయ్యి సూపియ్యి, చెప్త."

"కంపెనోడు చెయ్యి అడుగుతలేడు అన్నా, పేరడుగుతుండు."

రెండోవాడు పని ఎగ్గొట్టి తిరుగుతున్నాడని బర్నబా విన్నాడు. కాని అది ఎవరో ఎవరికీ సరిగ్గా తెలియదు. పేరు తప్పు రాస్తే తిరిగేవాడికి పని నిలుస్తుంది. చెయ్యి విరిగినవాడు రోడ్డున పడతాడు.

ఎడమ భుజం కింద నొప్పి లాగింది. బర్నబా వేళ్లతో నొక్కుకున్నాడు. సంగప్ప చూశాడు.

"ఇటు రా, జెర నూనె రాసి రుద్దుత. వారం దినాలసంది పట్టుకుంటున్నవ్."

"కాయిదాలు అయినంక."

"నీ కాయిదాలు ఎప్పుడైతయ్ గని!"

పదిన్నరకు మోకాళ్లదాకా బురదతో ఒక ఆడమనిషి వచ్చి చూరు కింద నిలబడింది. రుక్మిణి అని ఆమె పేరు.

"సారూ, మా ఇంటాయన కాయిదం అయిందా? జ్వరంతోని లేస్తలేడు, నేనొచ్చిన."

"ఏ ఊరమ్మా?"

"ఇంద్రేశం. కుడి చెయ్యి."

బర్నబా గబుక్కున కలం సిరాలో ముంచాడు. "పేరు చెప్పు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగని పేరు నోటితో పలికే వాడుక ఆ ఊళ్లో లేదు. బర్నబా గోడగడియారం వైపు చూశాడు.

"చెప్పు బిడ్డా," అన్నాడు సంగప్ప. "నేను చెవులు మూసుకుంట."

ఆమె నవ్వింది గాని పేరు రాలేదు. "దేవుని పేరే సారూ."

ఇద్దరిదీ దేవుని పేరే. ఇద్దరూ శివుళ్లే. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే బర్నబా కాసేపు ఆలోచించాడు.

"వేములవాడ దేవుడా, కాశీ దేవుడా?"

"వేములవాడైతే బస్సెక్కి పోయొస్తం గద సారూ. ఈయన శాన దూరం."

బర్నబా 'విశ్వేశ్వర్' అని రాసి, బయటికి చదివాడు. ఆమె తల వంచుకుని, "గాయనే," అంది.

కాగితం మీద తడి ఆరకముందే భానూర్ నుంచి, అదే కంపెనీలో పనిచేసే సంగయ్య అనే మనిషిని పట్టుకొచ్చారు. ఎడమ ముంజేయి రెండుగా విరిగింది. ముసురుకు కొత్త వెదురు ఆరలేదు. సంగప్పకు మూడు బద్దలే దొరికాయి.

"బర్నబా, నీ బద్ద ఇటియ్యి."

ఇదివరకు ఎన్నిసార్లు అడిగినా బర్నబా ఇచ్చేవాడు కాదు. గీతలెట్ల గీయాలె అనేవాడు. ఇవాళ రిజిస్టరులో చివరి గీత గీసి, బద్దను ధోతి అంచుతో తుడిచి ఇచ్చాడు. సంగయ్య ఇంటి నుంచి తెచ్చుకున్న తెల్ల పంచెను పీలికలుగా చించి, గుడ్డుసొన, మినప్పిండి పట్టించి సంగప్ప కట్టు కట్టాడు. 'భానూర్ సంగయ్య, ఎడమ ముంజేయి, మొదటి కట్టు, 15-7-78' అని బర్నబా రాశాడు. అతని దస్తూరి గుండ్రంగా, బడిపిల్లల కాపీ పుస్తకంలా ఉండేది.

కంపెనీ గేటుకు నడిచి చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలుంది. టైంకీపరు త్రినాథరావు కోస్తా మనిషి. పదకొండు కాగితాలూ లెక్కపెట్టుకున్నాడు.

"అబ్బ, ఈసారి వేళకు తెచ్చారండీ బర్నబాగారూ! ఏంటలా చెమట? కూర్చోండి, మంచినీళ్లు తెప్పిస్తాను."

"ఫర్వాలేదు సార్. విశ్వేశ్వర్ పేరు ఉంటది గద?"

"ఉంటుందండీ. ఇదిగో, టిక్కు పెట్టాను."

ఆ టిక్కు వైపు ఒకసారి వంగి చూసి బర్నబా వెనక్కి నడిచాడు.

సంగప్ప అన్నం తిని వచ్చేసరికి బర్నబా తన జాగాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రిజిస్టరు మూసి ఉంది. సిరాబుడ్డికి మూత పెట్టి ఉంది.

"అయినయా కాయిదాలు? ఇగ రా, రుద్దుత."

సంగప్ప దగ్గరికెళ్లి భుజం పట్టుకున్నాడు. మెడ కిందుగా, మోచేతి దాకా, మణికట్టు దాకా మెల్లగా తడుముతూ వచ్చాడు. బొక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెయ్యి మాత్రం చల్లగా ఉంది.

సాయంత్రం బర్నబా భార్య హన్నా వచ్చి చెప్పులు, సంచీ తీసుకుపోయింది.

నలభై అయిదు రోజులకు సంగయ్య కట్టు విప్పించుకోవడానికి వచ్చాడు. బొక్క చక్కగా అతికింది. విశ్వేశ్వర్ పనికి పోతున్నాడని మాటల్లో చెప్పాడు. "నా కాయిదం ఎవలు రాస్తరు తాతా?" అని అడిగాడు. సంగప్ప విప్పిన పీలికను రెండు చేతుల మధ్య చాచి వెలుతురుకు పట్టుకున్నాడు. చెమటకు, సొనకు బద్ద అంచులోని సిరా గుడ్డలోకి దిగింది. తెల్ల పంచె పీలిక పొడుగునా, చుట్టుకొక గీత చొప్పున, తిన్నని నీలిగీతలు పడ్డాయి. వాటి మధ్య ఏమీ రాసి లేదు.