బెత్తెడు ఎత్తు

నేను ఒక పీటను. పైన నున్నటి టేకు పలక, కింద రెండు అడ్డచెక్కలు, ఎత్తు బెత్తెడు. నన్ను చూసినవాళ్లెవరూ మళ్లీ తిరిగి చూడరు. అయినా చీరాలలోని ఈ ఇంట్లో వంటగట్టు ఎంత ఎత్తుండాలన్న యుద్ధం రెండు తరాలు జరిగింది, రెండుసార్లూ నేను అక్కడే ఉన్నాను. కనుక ఆ కథ నేను చెప్పడమే న్యాయం.

నేను పుట్టింది ఈ డాబా కట్టకముందు ఇక్కడున్న పెంకుటింటి కోసం. సింహద్వారానికి తెచ్చిన టేకులో ఒక ముక్క మిగిలితే, పారేయడానికి మనసొప్పక వడ్రంగి నన్ను చేశాడు. ఆ ద్వారానికి ఏటా పసుపు, కుంకుమ, మామిడాకులు. నాకు పొయ్యి ముందు పొగ, బూడిద. మనుషులు కాళ్లతో దాటే గడపకు దండం పెట్టుకుంటారు గానీ, కూర్చోవడానికి చోటిచ్చే పీటను కాలితో పక్కకు నెడతారు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నా మీద మొదట కూర్చున్నది ఆ ఇంటి కోడలు వెంకాయమ్మ. తాటిచెట్టంత మనిషి. నేల మీద పొయ్యి ముందు నా మీద కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. కట్టెలు మండక, ఊదుగొట్టం ఊది ఊది కళ్లు ఎర్రబడి, లేచేటప్పుడు గోడ పట్టుకుని లేచేది. పెంకుటిల్లు తీసేసి డాబా కట్టేటప్పుడు ఆమె ఒకటే మాట పట్టుకుంది. ఇల్లు ఎట్లా అయినా కట్టుకోండి, వంట మాత్రం నిలబడే చేస్తానంది.

"నిలబడి వండటమేంటే, ఇదేమన్నా హోటలా?" అంది వాళ్ల అత్తగారు. వెంకాయమ్మ చెవిన పెట్టలేదు. గోడకు ఆనుకుని నిలబడి, తన నడుము దగ్గర బొగ్గుతో గీత గీసి, గట్టు అక్కడికి కట్టమని మేస్త్రీకి చెప్పింది. నల్లరాతి గట్టు లేచింది. నన్ను గోడకు చేరేశారు. నాకు చిన్నతనంగా అనిపించలేదంటే అబద్ధం, కానీ వెంకాయమ్మ నిటారుగా నిలబడి పులుసు కలుపుతుంటే చూడముచ్చటగా ఉండేది.

ఆ తర్వాత ఆమె కొడుకు ఫణికి పెళ్లయింది. కోడలు హైమ వచ్చింది. మనిషి బంగారం, ఎత్తు మాత్రం అత్తగారి భుజానికి కూడా రాదు. మొదటిరోజు గట్టు ముందు నిలబడి బాండీలోకి తొంగి చూడబోతే మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. ఫణి నవ్వి, నన్ను తెచ్చి ఆమె కాళ్ల ముందు వేశాడు.

"పీట ఉందిగా," అన్నాడు.

ఆ రెండు మాటలతో నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది. హైమకు మాత్రం సమస్య దొరికింది. పొయ్యి దగ్గరికి ఎక్కాలి, ఫ్రిజ్ కోసం దిగాలి, ఉప్పుకు దిగాలి, పొంగుతున్న పాల కోసం పరుగున వచ్చి మళ్లీ ఎక్కాలి. మెట్లెక్కి దేవుణ్ణి చూసేవాళ్లకు పుణ్యమైనా వస్తుంది, ఈమెకు మోకాళ్ల నొప్పులు వచ్చాయి. ఒకసారి గంజి వార్చడానికి గిన్నె పట్టుకుని దిగబోతే అడుగు తప్పింది. వేడి గంజి పాదం మీద పడింది. నేను అంగుళం కూడా కదల్లేదు, కానీ ఇల్లంతా నన్నే తిట్టింది. గట్టును ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

మచ్చ మిగిలింది. హైమ మనసులో పట్టుదల కూడా మిగిలింది.

కొన్నేళ్లకు గట్టు కింద అరలకు చెదలు పట్టి, వంటగది మార్పించక తప్పలేదు. ఇంట్లో సంబరం మొదలైంది. వంటింట్లో ఎప్పుడూ నిమిషం నిలబడని ఫణికి వంటింటి మీద బోలెడు అభిప్రాయాలున్నాయని అప్పుడే తెలిసింది. స్నేహితుడి ఫ్లాట్‌లో చూశాడట, హాల్లోంచి వంటగది కనిపించేలా మధ్యగోడ తీసేద్దామన్నాడు.

"ఎండుమిరపకాయల తాలింపు వేస్తే హాల్లో అందరూ తుమ్ముతారు," అంది హైమ.

"చిమ్నీ పెడతాం కదా. గోడ లేకపోతే నేనూ వచ్చి సాయం చేస్తాను. గిన్నెలన్నీ నేనే కడుగుతా, చూడు," అన్నాడు ఫణి. ఆ మాట గాలికి పోతుందనుకున్నాడు. హైమ చేతిలో పని ఆపి మరీ విన్నది. నేను చూశాను.

వెంకాయమ్మ ఒకటే అడిగింది, పొయ్యి తూర్పుకే ఉండాలని. హైమ కూడా ఒకటే అడిగింది.

"నాకు రంగులొద్దు, అద్దాలొద్దు. కాళ్లు నేల మీద పెట్టి వండుకోవాలి. అంతే."

సరేనన్నారు అందరూ. డిజైనర్ నిఖిల్ వచ్చాడు. మర్యాదస్తుడు. ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు. బొమ్మల్లో వంటగదులన్నీ తళతళలాడుతున్నాయి, ఏ ఒక్కదానిలోనూ చింతపండు నానేసిన గిన్నె లేదు. తర్వాత టేపు తీసి, "మేడమ్, మీరు రోజూ వంటకి ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. మీ మోచేతిని బట్టి గట్టు ఎత్తు లెక్కకడతాను," అన్నాడు.

హైమ రోజూ నిలబడినట్టే నిలబడింది. అంటే నా మీద. పాపం, అలవాటు. చీర కుచ్చిళ్లు నన్ను పూర్తిగా కప్పేశాయి. నిఖిల్ టేపు కొసను నేలకు ఆనించి ఆమె మోచేయి దాకా కొలిచి, లెక్క చూసుకుని, అంకె చెప్పాడు. ఆ అంకె పాత గట్టు ఎత్తే. దాంతో పోల్చి చూడాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. నాకు నోరుంటే చెప్పేదాన్నే. హైమ తన ఎత్తు గట్టు వస్తోందని మురిసిపోతూ నా మీది నుంచి దిగి, అందరికీ కాఫీలు కలిపి ఇవ్వడానికి మళ్లీ నా మీదికే ఎక్కింది.

పనివాళ్లు వచ్చే ముందు వంటింటి సామానంతా వసారాలోకి మారింది. అక్కడే తాత్కాలికంగా ఒక స్టవ్, ఒక నీళ్ల బిందె. వెంకాయమ్మ నన్ను కొబ్బరిపీచుతో తోమి పెరటిగోడకు ఎండబెట్టింది. మర్నాడు పాత గట్టు పగలగొడతారు, కొత్త రాయి కోతకు వెళ్తుంది.

ఆ సాయంత్రం హైమ ముగ్గుగిన్నె పట్టుకుని పెరట్లోకి వచ్చింది. నిఖిల్ ఇచ్చిన కొలతలన్నిటినీ నేల మీద ముగ్గుపిండితో నిజమైన సైజులో గీసింది. ఇది స్టవ్, ఇది సింకు, ఇది ఫ్రిజ్. పండగ ముగ్గులంటే ఊళ్లో పేరున్న చేయి కదా, గీతలు తిన్నగా వచ్చాయి. ఆ గదిలో ఉత్తుత్తి వంట మొదలుపెట్టింది. ఫ్రిజ్ తలుపు తీస్తే దారి మూసుకుపోతోందని తేలింది. గ్రైండర్ పెట్టేచోట కరెంటు ప్లగ్గు లేదని తేలింది. సిలిండర్ మార్చాలంటే ఒక అరంతా ఖాళీ చేయాలని తేలింది. ఆమె ఒక్కొక్కటే చెరిపి మళ్లీ గీసింది.

ఆఖరున మేస్త్రీ తెచ్చిపెట్టిన ఇటుకలు గట్టు ఎత్తుకు పేర్చి, మీద చెక్క పరిచి, బాండీ పెట్టి, అట్లకాడ పట్టుకుని నిలబడింది. మోచేయి చంక దాకా లేచింది. బాండీ అడుగు కనబడలేదు. టేపు తెచ్చి కొలిచింది, లెక్క సరిగ్గానే ఉంది. కాసేపు ఏమీ తోచనట్టు అటూ ఇటూ చూసింది. అప్పుడు గోడకు ఆనుకున్న నేను కనిపించాను. నన్ను తెచ్చి ఇటుకల ముందు వేసుకుని ఎక్కింది. అంతా చక్కగా అమరింది. ఆమె ముఖం ఎర్రబడింది.

"ఏవండీ," అని పిలిచింది. ఫణి, మర్నాటి పని పురమాయించడానికి వచ్చిన నిఖిల్, వెంకాయమ్మ ముగ్గురూ వచ్చారు. "కొలత తప్పు. నన్ను పీటతో కలిపి కొలిచారు. రాయి పంపొద్దు."

"మేడమ్, ఎత్తు మారిస్తే కింద అరలన్నీ మారతాయి," అన్నాడు నిఖిల్.

"మార్చండి."

"బెత్తెడు తేడాకి ఇంత గొడవెందుకు హైమా?" అన్నాడు ఫణి. "పీట ఉందిగా."

హైమ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పాదం ముందుకు పెట్టింది. గంజి పడిన మచ్చ. ఫణి తల దించుకున్నాడు.

వెంకాయమ్మ ముందుకు వచ్చింది. "ఆ ఎత్తు కోసం నేనెంత పోట్లాడానో నీకేం తెలుసు అమ్మాయ్. నేల మీద కూర్చోని వండీ వండీ నడుం విరిగి, అందరితో మాటలు పడి కట్టించుకున్నా ఆ గట్టు."

"తెలుసు అత్తయ్యా. మీరు మీ ఎత్తున కట్టించుకున్నారు. నేనూ అదే అడుగుతున్నా," అంది హైమ.

వెంకాయమ్మ నన్ను చూసింది. ఒకప్పుడు తను కూర్చుని ఏడ్చిన పీట, ఇన్నేళ్లుగా కోడలు ఎక్కి దిగుతున్న పీట. ఏమనుకుందో నాకు తెలియదు. వంగి, నీళ్ల పొయ్యిలోంచి ఒక బొగ్గు ముక్క తీసుకుంది.

"చెప్పులు విప్పు. గోడకి నిలబడు," అంది. హైమ నిలబడింది. వెంకాయమ్మ కోడలి నడుము దగ్గర గీత గీసి, నిఖిల్ వైపు తిరిగింది. "ఇది కొలువు నాయనా. పీట లేదు, చూసుకో."

నిఖిల్ కొలిచాడు. పాపం, ఈసారి కుచ్చిళ్ల కింద కూడా తొంగి చూసి మరీ కొలిచాడు.

"సింకు కూడా ఇదే ఎత్తు కదా మేడమ్?" అని అడిగాడు.

"వద్దు. సింకు మా వారి ఎత్తున పెట్టండి. గిన్నెలు ఆయనే కడుగుతానన్నారు," అంది హైమ, ఏ నవ్వూ లేకుండా. ఫణి నోరు తెరిచాడు, వాళ్లమ్మ ముఖం చూసి మూసుకున్నాడు. తల్లి పోలికే, ఆరడుగుల మనిషి.

వంటగది పూర్తయింది. మధ్యగోడ అలాగే ఉంది. హైమ నేల మీద నిలబడి కొత్త పొయ్యి మీద పాలు పొంగించింది. మోచేతులు పైకెత్తాల్సిన అవసరం రాలేదు. నేను వసారాలోంచి చూస్తూ ఉన్నాను, ఎందుకంటే ఆ ఉదయమే హైమ నన్ను బయటికి తెచ్చి, వెంకాయమ్మ కుర్చీ ముందు పెట్టి, "కాళ్లు దీని మీద పెట్టుకోండి అత్తయ్యా, వాపు తగ్గుతుంది," అంది. ఉద్యోగం పోయిందని దిగులేసింది. కానీ ఆ గదిలో నా అవసరం లేకపోవడం కోసమే ఆమె ఇంత పోరాడిందని తెలుసు కనుక, ఎక్కువసేపు దిగులు పడలేకపోయాను.

పాలు పొంగించే వేళకు పిలిచిన చుట్టాలు భోంచేసి వెళ్లారు. సింకు నిండా గిన్నెలు. కాసేపటికి ఫణి వసారాలోకి వచ్చాడు.

"అమ్మా, కాస్త కాళ్లు తియ్యి. పీట కావాలి."

"ఎందుకురా?"

"హైమకి సింకు అందటం లేదు."

"నీకు అందుద్దిగా," అంది వెంకాయమ్మ.

ఫణి అక్కడే నిలబడ్డాడు. వెంకాయమ్మ కాళ్లు తీయలేదు. ఆమె అరికాళ్లు నన్ను ఇంకాస్త గట్టిగా అదిమాయి. కొంతసేపటికి ఫణి లోపలికి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.