మూడో నంబరు తెలుపు

చాంద్ సుల్తానా పదో తరగతితో బడి మానేసింది. అయినా ఆ ఏడు, డెబ్భై తొమ్మిదిలో, ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ఆమెకు దొరికింది చదివే పనే. చదవాల్సింది మనుషుల చేతుల మీది తెలుపు.

పూతమందుల బలం కొలవడానికి డాక్టర్ రమణమూర్తి ముంజేతి మీద ఎనిమిది గళ్లు గీయించేవాడు. గడికో పూత రాసి, పలచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, మర్నాడు విప్పి కడిగేవారు. ఓ గంట ఆగితే మందు పనిచేసిన చోట చర్మం పాలిపోతుంది. ఏ మార్పూ లేకపోతే సున్నా, కొద్దిగా పాలిపోతే ఒకటి, ఇంకాస్తయితే రెండు, పూర్తిగా తెల్లబడితే మూడు. కన్ను కుదిరేదాకా బలం తెలిసిన మందులే వాడి, ఏ గడిలో ఏ మందుందో, ఎందులో మందు లేని వట్టి పూతే ఉందో, దేనికి ఏ అంకె రావాలో కాంపౌండరు చీటీ మీద రాసి కవరులో పెట్టి అంటించేవాడు. అంకెలు వేశాకే కవరు చించాలి.

ఆయన దగ్గరున్న పుస్తకాలు దొరల చేతులు చూసి రాసినవి. ఇక్కడి చేతులేమో రేవులో ఎండకు మాగిన కళాసీలవి. ఆ రంగు మీద తెలుపు పట్టాలంటే కన్నుండాలని, పాత ఊళ్లో బట్టలకు రంగులద్దే ఇద్రీస్ కూతురైన చాంద్‌ని పది రోజులు చూద్దామని పెట్టుకున్నాడు. చూపు మసకేయడంతో ఇద్రీస్ రంగు కాగులు చల్లారి అప్పటికి రెండేళ్లు. "పొయ్యి పొగ కళ్లలోకెల్లిపోనాది బేటీ, తగ్గిపోద్ది" అనేవాడు. "ఔను అబ్బా, పొగే" అనేది ఆమె తండ్రితో.

తొమ్మిది రోజులూ ఆమె అంకెలు కవరులో చీటీతో కలవలేదు. డాక్టరుగారివీ కలవలేదు గానీ, ఆయన్ని రేపట్నుంచి రావద్దనే మొనగాడెవడు? "ఇవాళా తప్పితే ఇక రానక్కర్లేదమ్మా" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ పనితోనే మరి.

పదో రోజు కళాసీ అప్పలసూరి కిటికీ పక్క కుర్చీలో చెయ్యి చాపాడు. గళ్లన్నీ ఒకేలా, కలలో చూసినట్టు, ఎర్రగా తేలుతున్నాయి. అతని చొక్కా కూడా ఎర్రగానే ఉంది. తెల్ల చొక్కాకు ఎరుపేమిటని ఆమె తలెత్తి చూసింది. రేవులో ఓడలకెత్తే ఇనుప ఖనిజం దుమ్ము కిటికీ అద్దం నిండా పేరుకుని, లోపలికొచ్చే వెలుగునే ఎర్రబరుస్తోంది.

చిన్నప్పుడు అబ్బా తడి గుడ్డను ఎర్రటి ఎండలో ఎన్నడూ చూడనిచ్చేవాడు కాదు. "నీడలో ఆరనీ. కళ్లు మూసుకో. తెరిచి ఒక్కసారే సూడు. రెండోసారి సూసేది నీ ఆశ."

"అన్నా, ఇలా రా" అని లేచింది.

"ఏటమ్మా, ఎక్కడికి లాక్కెల్తన్నావ్?"

"నీడలోకి."

వరండాలో సముద్రపు గాలి మందంగా వీస్తోంది. ఆమె కళ్లు మూసుకుంది. ఎప్పటివో పచ్చలు, నీలాలు, తడి చీరలు రెప్పల వెనక మెల్లగా ఊగి, ఒక్కొక్కటే వెలిసిపోయాయి. ఏ రంగూ మిగలని చోట కాసేపు హాయిగా నిలబడి, కళ్లు తెరిచింది. అప్పలసూరి చేతి మీద గళ్లు దేనికది విడిగా కనబడుతున్నాయి. ఒక్కసారే చూసి అంకెలు వేసేసింది.

కవరు చించారు. ఎనిమిదికి ఎనిమిదీ కలిశాయి. డాక్టరు లేచి కిటికీ అద్దం మీద వేలితో గీత గీసి, ఎర్రబడ్డ ఆ వేలిని చాలాసేపు చూసుకున్నాడు. "రేపట్నుంచి నా కుర్చీ కూడా వరండాలో వేయించు" అన్నాడు.

ఆ సంతోషంతో ఆమె ఇంటిదాకా ఎలా నడిచిందో ఆమెకే తెలియదు. ఇద్రీస్ గోడ నీడలో, చల్లారిన కాగుల పక్కన కూర్చుని ఉన్నాడు. "ఇయ్యాల ఏటి రంగు సూసినావు బేటీ?" అని అడుగుల చప్పుడు వైపు ముఖమెత్తాడు.

"తెలుపు అబ్బా. పని నిలబడింది." అంటూనే పొద్దుట చేసినట్టే కళ్లు మూసి, తెరిచి, ఆయన కళ్లలోకి ఒక్కసారి చూసింది. నల్లగుడ్ల నడుమ పొరకట్టిన తెలుపు. రెండేళ్లుగా ఆశతో రెండోసారి చూసి, దాన్నే పొగనుకుంది.

"అది పొగ కాదు అబ్బా" అంది. "మూడు. రేపు నాతో ఆసుపత్రికొస్తున్నావు."

ఇద్రీస్ కాగు అంచు తడిమాడు.

"నాకెరికే బేటీ" అన్నాడు. "నువ్వు బెదిరిపోతావని పొగన్నాను."