రుచి చూసేవాడు

సుబ్బయ్య గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు. పలచటి బెల్లప్పానకం రంగు. నురుగు కాసేపు నిలిచి కరిగింది. వాసన చూశాడు. ఒక గుక్క నాలుక మీద తిప్పి, కళ్లు మూసుకుని మింగాడు. బీరు చేదు గొంతు దిగితే గానీ తెలియదు. ఉమ్మేస్తే సగమే తెలుస్తుంది.

మద్యనిషేధం ఎత్తేసిన మరుసటేడు రంగనాయకులు మార్కాపురంలో బ్రాందీ దుకాణం పెట్టినప్పటి నుంచీ ఇదే అతని పని. చవక బీరు దూరం నుంచి ఎండలో కాగుతూ వస్తుంది. పెట్టెకొక సీసా విప్పి, అమ్మొచ్చో లేదో సుబ్బయ్య చెప్పాలి. ఆ నాలుక మీద రంగనాయకులికి గురి. సుబ్బయ్యకు మాత్రం సిగ్గు. తల్లి కోటమ్మకు పలకల కంపెనీలో గుమాస్తానని చెప్పాడు. సాయంత్రం వాము నమిలి, సందు చివర కాసేపు నిలబడి ఇల్లు చేరేవాడు. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అయినా ఆమెకు దూరంగా గోడవారన కూర్చుని తినేవాడు.

పది రోజులుగా ఆమె మంచాన ఉంది. పొద్దున రెండు గుక్కలు గంజి తాగితే, కుదుటపడిందనుకుని పనికి వచ్చాడు.

"ఎట్లుంది?" అన్నాడు రంగనాయకులు.

"మొదట బాగనే ఉంది అన్నా. ఎనక పులుపు తగుల్తాంది. ఎండ దెబ్బ. ఈ పెట్టె అమ్మాకు."

ఇంకో పెట్టె విప్పుతుండగా పక్కింటి పోలమ్మ రోడ్డు అవతల నుంచి పిలిచింది.

"సుబ్బన్నా, మీ అమ్మకు ఎగశ్వాస పట్టింది. నోట్లో నీళ్లు నువ్వే పొయ్యాలంట. బిరీన రా."

"నేనీడ ఉండానని ఎవురు చెప్పినారు?"

"ఆమే. కంపెనీకి పోవాకు, బ్రాందీ దుకాణం కాడికే పో అనింది."

తల్లికి ఎన్నాళ్ల నుంచి తెలుసో. దారంతా తల వంచుకునే నడిచాడు.

పోలమ్మ లోపలికి పోయింది. అతను గడప దగ్గర ఆగాడు. లోపల తల్లి రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. నీళ్లు పోయాలంటే ఆమె ముఖం మీదికి వంగాలి. తన ఊపిరి ఆమెకు తగులుతుంది. పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర పుక్కిలించాడు. వేపాకు నమిలి ఉమ్మాడు.

"వచ్చినాడా?" లోపల తల్లి గొంతు.

"వచ్చినాడు పెద్దమ్మా. కాళ్లు కడుక్కుంటాండాడు."

"కడుక్కునింది చాలు, రమ్మను. ఆ వాసన నాకేమన్నా కొత్తా."

సుబ్బయ్య విన్నాడు. విని కూడా, ఇంకొక్కసారి అనుకుని దోసిట్లోకి నీళ్లు తీసుకున్నాడు.

లోపలికి వచ్చేసరికి పోలమ్మ ఆమె కళ్లు మూస్తోంది. అతనికేసి చూడలేదు.

మంచం పక్కన పీట మీద ఇత్తడి చెంబు, తులసాకు తేలుతూ, అంచుదాకా నీళ్లతో అట్లాగే ఉంది.